ఉండుటయు దొరకుటయు: క్లౌడు సర్వరుపై డేటాబేసును నెలకొల్పుటయందు వర్ణక్రమవిచారము

వ్యాకరణశాస్త్రమునందు లోపమనఁగా నాశము గాదు. ఉండవలసినచోటఁ గనఁబడకుండుటయే లోపము. ఈ భేదము శబ్దములయందే కాక గ్రంథసంచయములయందును గలదు. బీరువాలో నున్న తాళపత్రప్రతి పట్టికలోఁ దప్పుసంఖ్యతో నెక్కినచో ఆ ప్రతి నశించినది కాదు. అయినను దానిఁ గోరివచ్చిన విద్వాంసునకు లేనిదే యగును. చెదలు తిన్న ప్రతికిని వెదకినను దొరకని ప్రతికిని ఫలమునందు భేదము స్వల్పము. నేఁడు పదసూచికలును, నిఘంటువులును, గ్రంథపట్టికలును గాగితమునుండి కంప్యూటరులోనికిని, అందుండి క్లౌడు సర్వరులను నద్దెయంత్రములపైకిని జేరుచున్నవి. ఇట్టి తరలింపులో నొక్క యక్షరమైనను జెడకయే వేలకొలఁది పదములు కనఁబడకుండఁ బోవుటకు వీలున్నది. అది యెట్లు సంభవించునో, దాని కేమి ప్రతిక్రియ కలదో తెలుపుట యీ వ్యాసమునకు విషయము.

1. పరిభాష

డేటాబేసనఁగా సజాతీయములగు విషయములను వరుసలుగాఁ గూర్చి, అడిగినంతనే యెత్తి యిచ్చునట్లు కంప్యూటరులో నమర్చిన కోశము. ఇట్టి కోశములను సంబంధరూపములగు పట్టికలుగా భావించి గణితరీతిని నిరూపించినవాఁడు ఎడ్గర్ కాడ్. ఆ నిరూపణము 1970లోఁ బ్రకటితమైనది. ఈ వ్యాసమున నుదాహరణముగాఁ గైకొనఁబడినది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను సాఫ్ట్‌వేరు. ఇది 1986లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖలో మైకేల్ స్టోన్‌బ్రేకరు నాయకత్వమునఁ బోస్ట్‌గ్రెస్ అను పేర నారంభమై, 1996లో నిప్పటి పేరు వహించినది. వెల లేకయే మూలముతోఁగూడ నెల్లరకు లభించుటచేత విద్యాసంస్థల కిది మిక్కిలి యనుకూలము.

నెట్‌వర్కుద్వారా యడిగినవారికి సమాధానమిచ్చు కంప్యూటరు సర్వరు. వర్చువల్ సర్వరన నేమి? ఆకాశ మొక్కటియే యైనను ఘటములో నున్నది ఘటాకాశమనియు, మఠములో నున్నది మఠాకాశమనియు వ్యవహరింపఁబడుచున్నది. అట్లే యొక పెద్దయంత్రముయొక్క ప్రాసెసరు, మెమరీ, డిస్కులు హైపర్‌వైజరను సాఫ్ట్‌వేరుచేత విభక్తములై, పెక్కు చిన్నయంత్రములవలె వేర్వేఱు వాడుకదారులకుఁ గన్పట్టును. ఇది యుపాధిభేదమే కాని వస్తుభేదము గాదు. ఐబీఎం వారు 1972లో వీఎం/370 అను పేర నిట్టి విభాగమును విపణికిఁ దెచ్చిరి. అమెజాను వారు 2006లో ఈసీ2 అను పేర వర్చువల్ యంత్రముల నద్దె కియ్య నారంభించిరి. 2007లో కేవీఎం అను హైపర్‌వైజరు లినక్సు మూలమునందే చేరినది. అమెజాను వారి యంత్రశాలలు ముంబయిలో 2016లోను, హైదరాబాదులో 2022లోను దెఱవఁబడినవి గావునఁ దెలుఁగు గ్రంథపట్టిక తెలుఁగునేలమీఁదనే యుండుటకును వీలు గలదు. క్లౌడనఁగా మేఘమని యర్థమైనను యంత్రములు భూమిమీఁదనే యున్నవి; భూమిమీఁది వస్తువులకుఁ గలుగు నాపదలన్నియు వానికిని గలవు.

2. పూర్వపక్షము

ఇచ్చట నొక పూర్వపక్షము. అద్దె కిచ్చు సంస్థయే యంత్రమును గాపాడుచుండఁగా, కోశము నుంచుకొన్నవారు విచారింపవలసిన దేమి యున్నది? కోశమును గొనిపోయి యచ్చట నుంచినఁ జాలదా? యని.

సమాధానము. సంస్థ కాపాడునది విద్యుత్తు, గది, యంత్రము, డిస్కు. ఆ వర్చువల్ యంత్రముపై నెక్కించు ఆపరేటింగ్ సిస్టము, డేటాబేసు సాఫ్ట్‌వేరు, ప్రవేశమున కిచ్చు సంకేతపదములు, పదముల నమర్చు వర్ణక్రమము, ఇవి యెల్ల నద్దెదారుని వంతు. ఇల్లు పరులదైనను రాత్రి తలుపు గడియ వేసికొనవలసినవాఁడు కాపురమున్నవాఁడే కదా. ఆపరేటింగ్ సిస్టము భారమునుగూడ సంస్థయే వహించు సేవలు 2009 మొదలు లభించుచున్నవి. అయినను వర్ణక్రమము నేరుకొనుట యందును గోశకర్త పనియే.

3. స్థాపనవిధానము

మొదట యంత్రపరిమాణమును నిర్ణయింపవలయును. యూటీఎఫ్-8 అను లేఖనపద్ధతిలోఁ దెలుఁగు సంకేత మొక్కొక్కటికి 3 బైట్లు పట్టును. 'శాస్త్రము' అను పదము చూపునకు మూఁడక్షరములే. యంత్రమునకో, శకారము, ఆకారచిహ్నము, సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, మకారము, ఉకారచిహ్నము అని 9 సంకేతములు, అనఁగా 27 బైట్లు. అట్లయినను వరుస యొక్కంటికి 1,000 బైట్లు లెక్కించినచో లక్షవరుసల పట్టికకుఁ గావలసినది 100 మెగాబైట్లే. సూచికలతోఁగూడ నిట్టి పట్టికకు 2 గిగాబైట్ల మెమరీ, 20 గిగాబైట్ల డిస్కు గల చిన్నయంత్రము చాలును. ఆడంబరమునకై పెద్దయంత్రమును గొనుట ద్రవ్యనష్టమే.

రెండవది డిస్కు. క్లౌడు డిస్కులలో యంత్ర మాఁగినను నిలుచునవి కొన్ని, యంత్ర మాఁగినతోడనే తుడిచిపెట్టుకొని పోవునవి కొన్ని. కోశమును మొదటిజాతి డిస్కుపైననే యుంపవలయును.

మూఁడవది ద్వారము. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 5432 సంఖ్యగల ద్వారమునొద్ద విన్నపముల నాలించును. సహజస్థితిలో నది తన యంత్రములోనివారి మాటలే వినును. పనితొందరచేత దానిని లోకమున కంతకుఁ దెఱచి యుంచుటయే పెక్కు చౌర్యములకు మూలము. ఎవ్వరు, ఏ చిరునామానుండి, ఏ కోశమునకు రావచ్చునో ప్రవేశనియమావళిలో వ్రాసి, తక్కినవారిని ఫైర్‌వాలుచే నడ్డగింపవలయును. సంకేతపదమును రక్షించుటకు 2021లో వెలువడిన 14వ సంచికనుండి స్క్రామ్ అను పద్ధతి సహజముగానే యమర్పఁబడియున్నది. పాత ఎండీ5 పద్ధతి యిఁక నవలంబింపఁదగదు. దూరమునుండి పనిచేయువారు ఎస్ఎస్‌హెచ్ మార్గమున యంత్రముఁ జేరి, అందుండి కోశముఁ జేరుట మేలు.

ఈ మూఁడును సాధారణముగా నెల్లరు నెఱిఁగినవే. నాలవదియగు వర్ణక్రమముమాత్రము కోశారంభకాలముననే నిర్ణీతమగుచున్నను నెవ్వరి దృష్టికిని రాదు. కోశకర్త యేమియుఁ జెప్పనిచో, అద్దెయంత్రమున నప్పటి కేది యమర్పఁబడియున్నదో ఆ క్రమమే కోశమునకుఁ బ్రాప్తించును. విచారమునకు నిజమైన విషయ మిదియే.

4. సూచికకుఁ బ్రాణము క్రమము

లక్షవరుసలలో నొకపదమును మొదటినుండి చివఱవఱకుఁ జదివి వెదకుట కాలహరణము. అందుచే డేటాబేసు ప్రత్యేకముగా నొక సూచికను నిర్మించుకొనును. దీనికి సాధారణముగా వాడుకలో నున్నది 1972లో బేయరు, మెక్రైటు అను పండితులు ప్రకటించిన బీ-వృక్షము. దీని న్యాయము నిఘంటువుఁ దెఱచువాఁ డెఱిఁగినదే. నడుమ నొకపుటఁ దెఱచి, కావలసినపదము దానికి ముందో వెనుకయో చూచి, ఆ వైపునే మఱల నడుమఁ దెఱచుట. ఇట్లు సగముసగముగాఁ ద్రోసివేయుచుఁ బోయినచో లక్షపదములలో 17 పోలికలకు మించకయే కావలసినది దొరకును.

అయితే యీ పద్ధతికిఁ బ్రాణము క్రమము. పదములను గూర్చినవాని క్రమమును, వెదకువాని క్రమమును నొక్కటియే కావలయును. ఇందులకు మాహేశ్వరసూత్రములే నిదర్శనము. అక్ అను ప్రత్యాహారము అ, ఇ, ఉ, ఋ, ఌ అను నైదింటిని గ్రహించును. సూత్రములలో ఋ, ఌ లున్నచోట ఏ, ఓ లను, ఏ, ఓ లున్నచోట ఋ, ఌ లను నిలిపితిమేని, అదే యక్ ప్రత్యాహారము అ, ఇ, ఉ, ఏ, ఓ లను గ్రహించి సవర్ణదీర్ఘవిధిని జెఱచును. విధివాక్యములో నొక్క మాత్రయైనను మాఱలేదు. దాని కాధారమైన క్రమము మాఱుటచేతనే యర్థము మాఱినది. డేటాబేసు సూచికయు నిట్టిదే. అది క్రమమును దనలో వ్రాసికొనదు; క్రమము వెలుపల నెచ్చటనో యున్నదని నమ్మి, దానిపైఁ గట్టఁబడియున్నది.

5. 2018నాఁటి మార్పు

ఆ వెలుపలి క్రమ మెచ్చట నున్నది? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సామాన్యముగాఁ దనంతఁ దాను వర్ణక్రమమును నిర్ణయింపదు. రెండుపదములలో నేది ముందని ఆపరేటింగ్ సిస్టము నడుగును. లినక్సు యంత్రములలో నీ ప్రశ్నకు సమాధానమిచ్చునది జీలిబ్‌సీ అను గ్రంథాలయము. 2018 ఆగస్టులో వెలువడిన దాని 2.28వ సంచికలో వర్ణక్రమపట్టికలు సమగ్రముగా సంస్కరింపఁబడినవి. సంస్కరణము సదుద్దేశముతోఁ జేయఁబడినదే. అంతర్జాతీయ ప్రమాణమగు ఐఎస్ఓ 14651 యొక్క నూతనపాఠమున కనుగుణముగాఁ జేయఁబడినది. డెబియన్ 9, ఉబుంటు 18.04, రెడ్‌హ్యాట్ 7 అను ఆపరేటింగ్ సిస్టములలోఁ బాతక్రమ మున్నది. డెబియన్ 10, ఉబుంటు 20.04, రెడ్‌హ్యాట్ 8 మొదలు క్రొత్తక్రమము. ఒక యంత్రమునుండి మఱియొక యంత్రమునకుఁ గోశమును దరలించువాఁ డీ సరిహద్దును దాఁటినట్లు తానెఱుఁగకయే దాఁటును.

గ్రంథపట్టికల కిది యెంత హానికరమో యొక చిన్న యుదాహరణమువలనఁ దేటపడును. తాళపత్రప్రతులకుఁ గట్టసంఖ్యను, అందుఁ బ్రతిసంఖ్యను జేర్చి, నడుమ నొక గీటు పెట్టి సంఖ్య యిచ్చుట కలదు. ఒకటవకట్టలో మొదటిప్రతి 1-1, రెండవప్రతి 1-2, మూఁడవప్రతి 1-3. విడిప్రతులకు 11, 12, 13 అని సంఖ్యలున్నవనుకొందము. ఆంగ్లవర్ణక్రమము ననుసరించు పాతయంత్రములో గీటు మొదటిపోలికలో గణనకు రాదు. కావున సూచికలో నవి 11, 1-1, 12, 1-2, 13, 1-3 అని నిలుచును. క్రొత్తయంత్రములో గీటును గణించి, దానిని నంకెలకు ముందుంతురు. అందుచే 1-1, 1-2, 1-3 అనునవి 11 కంటెను ముందు రావలయును. పాతయంత్రమునఁ గట్టిన సూచికను క్రొత్తయంత్రమున నట్లే పెట్టి 1-3 కొఱకు వెదకినచో నేమగును? నడుమనున్న 12తోఁ బోల్చి, 1-3 దానికి ముందుండవలయునని క్రొత్తక్రమము చెప్పును. వెదకువాఁడు ఎడమవైపునకుఁ బోవును. అచ్చట 11, 1-1 మాత్రమే కలవు. 'అట్టి ప్రతి లేదు' అని సమాధానము వచ్చును. ప్రతి యున్నది, వరుస యున్నది, సూచికలో దాని పేరును నున్నది. అయినను లేదు.

హాని యింతతో నాఁగదు. ఒక సంఖ్య రెండుమాఱు లెక్కకుండుటకుఁ గోశమునం దేకత్వనియమ ముంచుట వాడుక. ఆ నియమమును నడపునదియు నీ సూచికయే. 1-3 లేదని సూచిక చెప్పుటచేత లేఖకుఁడు దానిని మఱల నెక్కించును. కోశ మభ్యంతరము చెప్పదు. కొంతకాలమున కొక్క సంఖ్యకు రెండు వివరణములు, ఒకదానిలోఁ గర్త పేరొకటి, మఱియొకదానిలో వేఱొకటి, ప్రబలును. ఏది ప్రమాణమో పిదప నిర్ణయింప నెవ్వరితరము? అదర్శనమే కాలక్రమమునఁ బాఠసాంకర్యముగాఁ బరిణమించును.

6. ప్రతిక్రియ

తరలింపు రెండువిధములు. డిస్కుపైనున్న ఫైళ్లను యథాతథముగా నకలుచేసికొనిపోవుట యొకటి; ఇందు సూచికయుఁ బాతక్రమముతోనే వచ్చును, అపాయ మిందే కలదు. పీజీ డంప్ అను సాధనముచేఁ గోశములోని విషయమును మాత్రము వ్రాయించి, క్రొత్తయంత్రమున మఱల నెక్కించుట రెండవది. ఇందు సూచికలు క్రొత్తగాఁ గట్టఁబడును గావున క్రమమును సూచికయు నేకీభవించును. గ్రంథపట్టికలవంటి చిన్నకోశములకు రెండవమార్గమే శరణ్యము. మొదటిమార్గమునఁ బోయినవారు అక్షరములపైఁ గట్టిన సూచికలనన్నిటిని రీయిండెక్స్ అను నాజ్ఞచేఁ బునర్నిర్మింపవలయును. 2017లో వెలువడిన 10వ సంచికనుండి సాఫ్ట్‌వేరుతోనే వచ్చు ఏఎమ్‌చెక్ అను ననుబంధము సూచికలోని క్రమభంగమును బట్టి చూపును.

2022నాఁటి 15వ సంచికనుండి కోశము తాను బుట్టినప్పటి వర్ణక్రమసంచికను జ్ఞాపక ముంచుకొని, అది మాఱినప్పుడు హెచ్చరిక చేయును. ఆ హెచ్చరికను మాన్పుట కొక యాజ్ఞయుఁ గలదు. కాని యా యాజ్ఞ జ్ఞాపకమునందలి సంచికాసంఖ్యను దిద్దునేకాని సూచికను దిద్దదు. సూచికలను బునర్నిర్మింపకయే దానిఁ బ్రయోగించుట జ్వరము దిగకముందే జ్వరమానిని దాఁచివేయుట.

ఇఁకఁ గ్రమము నేరుకొనుట. అక్షరముల సంకేతసంఖ్యలనే యనుసరించు 'సీ' అను క్రమ మొకటి కలదు. అది జీలిబ్‌సీ సంస్కరణములచేఁ జలింపదు. అయితేఁ దెలుఁగునకది సంప్రదాయక్రమము గాదు. యూనికోడులో ళకారము లకారమునకును వకారమునకును నడుమ నున్నది. బాలశిక్షలలో హకారమునకుఁ బిదప నున్నది. ౠకారము అచ్చులతోఁ గాక హకారమును దాఁటి యెక్కడనో యున్నది. క్షకారమునకు వేఱుసంకేతము లేదు; అది కకారము, పొల్లు, షకారము. కావున సీ క్రమమున నచ్చొత్తించిన నిఘంటువు పండితులకు వికృతముగాఁ దోఁచును. ఐసీయూ అను మఱియొక గ్రంథాలయము భాషానుగుణమగు క్రమముల నిచ్చును. 2023నాఁటి 16వ సంచికనుండి దాని క్రమమునకుఁ గోశకర్త తన నియమములను జేర్చుకొనవచ్చును. కాని యదియు సంచికాంతరములయందు మాఱునదే.

ఈ రెంటికిని సమన్వయ మిది. వెదకుటకుఁ గట్టు సూచికలకు సీ క్రమమును, చదువరులకుఁ జూపు పట్టికకుఁ దెలుఁగు క్రమమును వాడవలయును. వెదకునప్పుడు కావలసినది స్థైర్యము. చూపునప్పుడు కావలసినది సంప్రదాయము. పాణినీయమునందును బ్రత్యాహారములకై యేర్పడిన వర్ణసమామ్నాయము వేఱు, బాలురు వల్లించు వర్ణమాల వేఱు. ప్రయోజనభేదమున్నచోఁ గ్రమభేదము దోషము గాదు. ఒకదానిచోట మఱియొకదానిఁ దెలియక వాడుటయే దోషము.

తెలుఁగునకుఁ బ్రత్యేకమగు సూక్ష్మ మింకొకటి కలదు. ఐత్వమునకు యూనికోడు రెండురూపముల నంగీకరించినది: ఒకే సంకేతముగా వ్రాయుట యొకటి, ఎత్వమును వ్రాసి దానిక్రింద ఐత్వపుగుర్తును వేఱుగాఁ జేర్చుట రెండవది. కంటికి రెండును నొక్కటియే, బైట్లలో వేఱు. 'కైలాసము' ఒకరీతి నెక్కించి మఱియొకరీతి వెదకినచో దొరకదు. 2020నాఁటి 13వ సంచికనుండి యిట్టి రూపద్వయము నేకరూపము చేయు నార్మలైజ్ అను ప్రక్రియ కోశమునందే కలదు. పద మెక్కించునప్పుడే దానిఁ బ్రయోగించుట కర్తవ్యము.

7. ప్రతిరక్షణము

లోపమునకుఁ బ్రతిక్రియ చెప్పఁబడినది; నాశమునకుఁ బ్రతిక్రియ యొక్కటియే, మఱియొకచోట మఱియొక ప్రతి. 2021 మార్చి 10వ తేదీని ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బూర్ నగరమందలి ఓవీహెచ్‌క్లౌడు యంత్రశాలలో నగ్ని పుట్టి యొక భవనము దగ్ధమైనది. మూలమును బ్రతియు నొక్కచోటనే యుంచుకొన్నవారిలోఁ గొందఱు రెంటిని గోల్పోయిరి. కావునఁ బ్రతి వేఱునగరమున, వీలైన వేఱుసంస్థయొద్ద నుండవలయును.

ప్రతి యున్నదని నమ్ముటయుఁ జాలదు. 2017 జనవరి 31వ తేదీని గిట్‌ల్యాబ్ సంస్థలో నొక యుద్యోగి పొరపాటునఁ బ్రధానకోశమును దుడిచివేసెను. ఆ కోశమును బోస్ట్‌గ్రెస్‌క్యూఎలే. ప్రతులు తీయు సాధనము 9.2 సంచిక, కోశము 9.6 సంచిక యగుటచే దినదినము తీయఁబడవలసిన ప్రతి తీయఁబడుటయే లేదు; తత్సంబంధమైన హెచ్చరికలును జేరలేదు. సుమారు 6 గంటలకు ముందు వేఱుపనికై తీసిన ప్రతి యొకటి యుండుటచేఁ దక్కినది దక్కినది. ఇందలి నీతి స్పష్టము. నెలకొకమాఱైనను బ్రతిని వేఱొక యంత్రమున నెక్కించి, వరుసలు లెక్కించి, ఎఱిఁగిన పదములు పదింటిని వెదకి చూడవలయును. ఎక్కించి చూడని ప్రతి ప్రతి కాదు. ప్రతి యను నమ్మకము మాత్రమే.

8. నిగమనము

పూర్వకాలపు లేఖకులు గ్రంథము ముగించినపిదప మూలముతో నొప్పఁజూచుకొని కాని కట్ట కట్టెడివారు కారు. యంత్రములు మాఱినను నా విధి మాఱలేదు. కోశమును గ్లౌడుపై నుంచువాఁడు మూఁడు వాక్యములు కాగితముపై వ్రాసి పట్టికతోఁగూడ దాఁచవలయును: ఏ వర్ణక్రమమునఁ గట్టఁబడినది, ఏ సంచికలపైఁ గట్టఁబడినది, చివఱకుఁ బ్రతి నెన్నఁ డెక్కించి చూచిరి. పదియేండ్లకుఁ బిమ్మట నా కోశమును మఱియొక యంత్రమునకుఁ దరలింపవలసిన వానికి, వాఁడు నేఁడు బడిలో నక్షరములు దిద్దుచున్న బాలుఁడు కావచ్చును, ఈ మూఁడు వాక్యములే దారి చూపును. కోశములో విషయ ముండుట సంపాదకుని కృషి. అది దొరకుట స్థాపకుని శ్రద్ధ. రెండవది లేనిచో మొదటిది యున్నను లేనట్లే.